ఆరు మీద ఆరు, ఆరు మీద అయిదు: రెండు మార్కుల ప్రశ్న మీద ఒక కేస్ స్టడీ

పదో తరగతి గణితంలో సంభావ్యత చిన్న పాఠం. నాణెం, పాచిక, పేకముక్కలు, సంచిలో రంగు బంతులు. నాలుగు పీరియడ్లలో అయిపోతుంది, పిల్లలు కూడా మూలగకుండా చేస్తారు. ఇన్నేళ్లలో నాకు తలనొప్పి తెచ్చిన పాఠాల జాబితా రాయమంటే అందులో ఇది ఉండేది కాదు. ఈ కేసు తర్వాత చేర్చాను.

మా బడి రాజాం నుంచి చీపురుపల్లి వైపు వెళ్లే దారిలో ఒక ఊళ్లో ఉంది. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా అని రాసుకునేవాళ్లం, ఇప్పుడు విజయనగరం జిల్లా అని రాస్తున్నాం. ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లాయే కదిలింది. పిల్లల్లో సగం మంది వ్యవసాయ కూలీల ఇళ్ల నుంచి వస్తారు. మిగిలినవాళ్లలో జనపనార మిల్లుల్లో పనిచేసే, పనిచేసి మానేసిన కుటుంబాలు కొన్ని. ఈ కేసులో ఉన్న అమ్మాయిది అలాంటి కుటుంబమే. పేరు రాయను. రెండో బెంచీలో కూర్చుంటుంది కాబట్టి రెండో బెంచీ అమ్మాయి అంటాను.

దసరా సెలవుల తర్వాత పెట్టిన యూనిట్ టెస్టులో నేను సొంతంగా తయారుచేసిన ప్రశ్న ఒకటి ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు ఇస్తున్నాను. తప్పంతా అందులోనే ఉంది.

“ఒక పాచికను వరుసగా వేస్తూ పోతున్నారు. 6 తర్వాత వెంటనే 6 రావడం, 6 తర్వాత వెంటనే 5 రావడం, వీటిలో ఏది కష్టం? కారణం రాయండి. 2 మార్కులు.”

నేను ఆశించిన జవాబు తెలిసిందే. రెండుసార్లు వేస్తే మొత్తం పర్యవసానాలు 36. అందులో (6, 6) ఒకటి, (6, 5) ఒకటి. రెండింటి సంభావ్యతా 1/36, కాబట్టి రెండూ సమానం. క్లాసులో చాలామంది ఇదే రాశారు. రెండో బెంచీ అమ్మాయి “6, 6 కష్టం” అని మొదలుపెట్టింది. అంతవరకు చదివి సున్నా వేసి కిందికి వెళ్లిపోయాను.

అలా ఎందుకు వేశానో కూడా చెప్పాలి. పాచిక విషయంలో పిల్లలు చేసే తప్పులు రెండు రకాలని నా అనుభవం. ఒకటి, లూడోలో ఆరు కోసం ఏడ్చి ఏడ్చి, ఆరు పడడమే అపురూపం అనుకోవడం. మిగతా అయిదు ముఖాలకి ఎంత అవకాశం ఉందో దానికీ అంతే ఉందని ఒప్పుకోరు. రెండోది, ఇంతసేపు పడలేదు కాబట్టి ఇప్పుడు పడి తీరాలి అనుకోవడం. ఈ రెండు జబ్బులకీ నా దగ్గర ఒకటే మందు: “పాచికకి జ్ఞాపకం ఉండదు.” పేపర్లు ఇచ్చిన రోజు అందరి ముందూ ఆ అమ్మాయికి ఆ మందే పోశాను. తలూపి కూర్చుంది.

మధ్యాహ్నం భోజనం గంటలో స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గరికి వచ్చింది. దాని మాటల్ని పుస్తకం భాషలోకి మార్చి రాయడానికి నాకు మనసొప్పదు. గిడుగు రామమూర్తి గారు పుట్టిన నేలకి పక్కనే ఉన్నాం.

“మేస్టారూ, నాకు మార్కులొద్దండి. తప్పెక్కడుందో సెప్పండి సాలు.”

“చెప్పాను కదమ్మా. రెండూ 1/36.”

“రెండుసార్లే వేస్తే అంతేనండి. మీరు వేస్తా పోతున్నారు అన్నారు కదండి. మా ఇంట్లో ఆరు మీద ఆరు నాదండి, ఆరు మీద అయిదు మా తమ్ముడిదండి. ఎప్పుడూ వాడి కాయే ముందు బయటికొస్తాది.”

వివరం అడిగితే చెప్పింది. వీళ్ల తాత మిల్లులో రిటైరయ్యాడు. సాయంత్రం అరుగు మీద మనవలిద్దరినీ కూర్చోబెట్టి లూడో ఆడిస్తాడు. ఒక్క ఆరుకే కాయ తీయనిస్తే ఆట తొందరగా తెమిలిపోతోందని నియమం మార్చాడు. మనవరాలి కాయ గూట్లోంచి బయటికి రావాలంటే వరుసగా ఆరు మీద ఆరు పడాలి, మనవడికి ఆరు మీద అయిదు. ఆయన లెక్కలో రెండూ ఒకటే. నా లెక్కలోనూ అంతే.

సరే, తేల్చేద్దాం అన్నాను. నా టేబుల్ సొరుగులో పాచిక ఒకటి ఉంటుంది. “ఒకే పాచిక వేస్తాను. ఆరు మీద ఆరు ముందొస్తే నువ్వు గెలిచినట్టు, ఆరు మీద అయిదు ముందొస్తే నేను.” గంట కొట్టేలోపు ఎనిమిది ఆటలు పూర్తయ్యాయి, నాలుగు దానివి, నాలుగు నావి. అప్పుడే బోర్డు మీద కారణం కూడా చూపించాను. మొదట ఎవరికైనా ఒక ఆరు పడాలి. ఆ తర్వాతి వేటుకి ఆరు పడితే నువ్వు, అయిదు పడితే నేను. ఇంకేదైనా పడితే ఇద్దరం మళ్లీ మొదటికి. ఆ ఒక్క వేటుకి ఆరుకెంతో అయిదుకీ అంతే. కాబట్టి సగం సగం. ఇందులో పొరపాటేమీ లేదు, ఇవాళ అడిగినా అదే చెబుతాను.

చాక్‌పీస్ కింద పెట్టేసరికి ఆ అమ్మాయి మెల్లగా అంది. “మా ఇంట్లో ఇలగ కాదండి. తమ్ముడి డైసు తమ్ముడిదే, నా డైసు నాదే.”

పీరియడ్ గంట కొట్టారు. క్లాసుకి వెళ్లిపోయాను గానీ ఆ మాట వెనకాలే వచ్చింది.

సాయంత్రం బస్సులో కూర్చున్నాక దాని పేపరు బయటికి తీసి చూశాను. నేను చదవని రెండో వాక్యం ఇది: “ఎందుకంటే 6 తర్వాత 6 రాకపోతే మళ్లీ మొదటికి పోతాం, 6 తర్వాత 5 రాకపోయినా 6 వస్తే పోయిందేమీ లేదు.”

ప్రశ్నలోనే కారణం రాయమని అడిగాను. అది రాసింది. నేను చదవలేదు.

వైకుంఠపాళీ గళ్లు

ఆ అమ్మాయి రాసినదాన్ని వైకుంఠపాళీలా గీసుకుంటే తేలిపోతుంది. మూడే గళ్లు: సున్నా గడి, ఆరు గడి, పరమపదం. సున్నా గడిలో ఉన్నప్పుడు ఆరు పడితే ఆరు గడికి ఎక్కుతాం, పడకపోతే అక్కడే ఉంటాం. ఇంతవరకు అక్కకీ తమ్ముడికీ ఒకటే దారి.

ఆరు గడిలోనే తేడా వస్తుంది. అక్కకి ఒక ముఖం నిచ్చెన, అయిదు ముఖాలు పాములు. ఒకటి పడినా, అయిదు పడినా దిగిపోయి సున్నా గడికి రావాల్సిందే. తమ్ముడికి నిచ్చెన ఒకటే, అది అయిదు. కానీ పాములు నాలుగే. ఆరో ముఖం అతన్ని కిందికి తొయ్యదు. మళ్లీ ఆరు పడింది కాబట్టి ఆరు గడిలోనే కూర్చోబెడుతుంది. తెలుగు ఇళ్లలో పుట్టినవాడికి ఇది అర్థం కావడానికి సమీకరణం అక్కర్లేదు. ఒక పాము తగ్గితే ఆట సుళువవుతుంది.

ఎంత సుళువు? ఆ రాత్రి ఇంట్లో వేసిన లెక్క ఇది. పదో తరగతి పిల్లలకి అందేలా చెబుతాను. ఒక ఘటన సంభావ్యత 1/6 అయితే అది జరగడానికి సగటున 6 వేట్లు పడతాయి, 1/5 అయితే 5. ఇదొక్కటి ఒప్పుకుంటే చాలు.

అక్క సంగతి చూద్దాం. ఆరు గడికి చేరడానికి సగటున 6 వేట్లు, అక్కడి నుంచి తేల్చుకోవడానికి ఇంకో వేటు, కలిపి ఒక ప్రయత్నానికి 7. ప్రయత్నం ఫలించే అవకాశం 1/6 కాబట్టి సగటున 6 ప్రయత్నాలు. ఆరేళ్లు 42.

తమ్ముడికి కూడా ఆరు గడికి చేరడానికి 6 వేట్లే. అక్కడ ఆరు కానిదేదో పడేదాకా ఉంటాడు. ఆరు కానిది పడే అవకాశం 5/6, అంటే సగటున 6/5 వేట్లు, అంటే 1.2. మొత్తం ప్రయత్నానికి 7.2 వేట్లు. ఇక్కడ తమ్ముడికి ప్రయత్నం కొంచెం ఖరీదే. కానీ ఆరు కాని అయిదు ముఖాల్లో ఒకటి అతని నిచ్చెన, కాబట్టి ఫలించే అవకాశం 1/5. సగటున 5 ప్రయత్నాలు. 7.2ని 5తో గుణిస్తే 36.

ఒకరికి 42, ఇంకొకరికి 36. రెండు వేట్లే వేస్తే ఇద్దరికీ 1/36. ఒకే పాచిక మీద పందెం కాస్తే సగం సగం. చెరో పాచికా పట్టుకుని ఆడితే మాత్రం నూటికి సుమారు 53 ఆటల్లో తమ్ముడు ముందు, 45 ఆటల్లో అక్క ముందు, మిగిలిన ఒకటో రెండో ఒకే వేటుకి సమం. నాలుగు వాక్యాలూ నిజమే, ఒకదానితో ఒకటి తగవు లేదు. మధ్యాహ్నం ఆ అమ్మాయి చెప్పిందీ, నేను చెప్పిందీ రెండూ నిజమే. మేం ఇద్దరం వేరువేరు ప్రశ్నలకి జవాబులు చెప్పుకుంటున్నాం, అంతే. నా ప్రశ్న మాత్రం “వేస్తూ పోతున్నారు” అంది. కాబట్టి దానికి సరైన జవాబు ఆ అమ్మాయిదే.

ఒక్క విషయంలో దాని మాట ఒప్పుకోను. “ఎప్పుడూ వాడిదే ముందు” అనేది నిజం అయ్యే వీలు లేదు. 53కీ 45కీ తేడా అరుగు మీద ఆడే పదీ పాతిక ఆటల్లో కంటికి ఆనదు. ఓడిన ఆటలే మనసులో ఉండిపోయి ఉంటాయి. చూశాననుకున్నది భ్రమ కావచ్చు గానీ, ఆలోచించింది సరైనదే. ఇలాంటి పిల్లల్ని మార్కులు వేసేవాళ్లం చాలా సులభంగా చంపేస్తాం.

పన్నెండు పాచికలు

మర్నాడు రాజాంలో ఫ్యాన్సీ షాపులో పన్నెండు ప్లాస్టిక్ పాచికలు కొన్నాను. క్లాసులో 34 మంది. సగం మంది ఆరు-ఆరు కోసం, సగం మంది ఆరు-అయిదు కోసం వేయాలి. ఒక్కో వేటుకి ఒక్కో చింతపిక్క పక్కన పెట్టాలి. వచ్చాక పిక్కలు లెక్కపెట్టాలి. నేల మీద గుంపులుగా కూర్చుని మొదలుపెట్టారు. మూడు నిమిషాల్లో గది సంత అయిపోయింది.

హెడ్మాస్టారు వరండాలో వెళుతూ ఆగారు. “ఏటండీ మేస్టారూ, బళ్లో గుండాట పెట్టీసారేటి?” అన్నారు. జాతరల్లో బొమ్మల గుడ్డ పరిచి ఆడించే గుండాట కూడా ఆరు ముఖాల పాచికల ఆటే కాబట్టి ఆయన పోలిక తప్పేమీ కాదు. డబ్బుల్లేవు, చింతపిక్కలే అని చూపించాను. ఆయన ఒక పిక్క తీసి చూసి పెట్టేసి వెళ్లిపోయారు.

ఆ రోజు లెక్క తేలేసరికి నాకు చెమట పట్టింది. ఆరు-ఆరు గుంపు సగటు కంటే ఆరు-అయిదు గుంపు సగటే ఎక్కువ వచ్చింది! వెనక బెంచీలు ఘొల్లుమన్నాయి. ఒక కుర్రాడికి రెండో వేటుకే ఆరు-ఆరు పడింది. ఇంకో అమ్మాయికి వంద పిక్కలు దాటినా పడలేదు, ఏడుపుమొహం పెట్టింది.

ప్రయోగం పెట్టే ముందు నేను వేసుకోవలసిన లెక్క ఒకటి ఉంది. వేసుకోలేదు. ఇలాంటి ఎదురుచూపుల్లో సగటు ఎంతో, చెదురు (ఫలితాలు సగటుకి అటూ ఇటూ ఎంత దూరం పడతాయో అది) కూడా దాదాపు అంతే ఉంటుంది. సగటు 40 దగ్గర అంటే 5కి రావచ్చు, 120కి రావచ్చు. ఇంత చెదురులో 6 వేట్ల తేడా నమ్మకంగా బయటపడాలంటే రెండు వైపులా మూడేసి వందల ఆటలు ఆడాలి. వేట్లలో చెబితే ఇరవై మూడు వేల పైచిలుకు. పదిహేడేసి ఆటలతో తేల్చాలనుకోవడం నా తొందరపాటు. మళ్లీ చేసేవాళ్లకి నా సలహా ఒకటే: ఈ పాఠానికి ప్రయోగాన్ని రుజువుగా పెట్టుకోకండి, ఆకలి పుట్టించడానికే వాడండి.

మా పాచికలు సమంగా ఉన్నాయా అని ఒక పిల్లాడు అడిగాడు. మంచి ప్రశ్న. 1894లో ఇంగ్లండులో వెల్డన్ అనే శాస్త్రవేత్త పన్నెండు పాచికల్ని ఒక్కసారిగా వేయడం 26,306 సార్లు చేసి రాసిపెట్టాడు. అయిదు గానీ ఆరు గానీ పడడం మూడో వంతు ఉండాలి, అతనికి 0.3377 వచ్చింది. చుక్కల కోసం గుంటలు తవ్వినప్పుడు ఎక్కువ చుక్కలున్న ముఖం తేలికై పైకి తిరుగుతుందని దీనికి కారణం చెబుతారు. 1900లో కార్ల్ పియర్సన్, ఆశించిన లెక్కకీ వచ్చిన లెక్కకీ ఉన్న తేడా కాకతాళీయమో కాదో చూసే తన కై వర్గ పరీక్షకి ఈ వేట్లనే ఉదాహరణగా తీసుకున్నాడు. మా ఫ్యాన్సీ షాపు పాచికలకి కూడా గుంటలే ఉన్నాయి. అయినా అంత చిన్న వంకర మా రోజు ఫలితాన్ని తారుమారు చేసేది కాదు. చేసింది చెదురే.

స్టాఫ్ రూమ్‌లో తెలుగు మాస్టారు మాత్రం సంతోషించారు. భారతంలో ఋతుపర్ణుడు నలుడికి అక్షహృదయం అనే పాచికల విద్య చెప్పే ముందు దారిలో తాండ్ర చెట్టు ఆకులూ కాయలూ ఎన్నో చెప్పాడనీ, నలుడు ఆ మాట నమ్మక రథం ఆపి, చెట్టు దగ్గర కాయలు లెక్కపెట్టి చూశాకే ఒప్పుకున్నాడనీ గుర్తుచేశారు. “మీ పిల్లలూ లెక్కపెట్టాకే ఒప్పుకుంటారు లెండి” అన్నారు. ఆ మాటే మూడో రోజు పాఠానికి దారి చూపింది. పాచికలు వేయడం కాదు, పర్యవసానాలు లెక్కపెట్టాలి.

పదకొండు, పన్నెండు

మూడుసార్లే వేద్దాం అన్నాను. మొత్తం పర్యవసానాలు 216. వీటిలో ఎక్కడో ఒకచోట 6-5 పక్కపక్కన ఉన్నవి ఎన్ని? మొదటి రెండు స్థానాల్లో 6-5 ఉంటే మూడోది ఏదైనా కావచ్చు, కాబట్టి 6. చివరి రెండు స్థానాల్లో ఉంటే మొదటిది ఏదైనా కావచ్చు, కాబట్టి ఇంకో 6. రెండు చోట్లా ఒకేసారి ఉండడం కుదరదు, ఎందుకంటే మధ్యది అయిదూ ఆరూ రెండూ కాలేదు. మొత్తం 12.

ఇప్పుడు 6-6. మొదటి రెండు స్థానాల్లో ఉన్నవి 6, చివరి రెండింటిలో ఉన్నవి 6. పన్నెండు అని అందరూ అరిచారు. ఆ అరుపు ఆగకముందే రెండో బెంచీ నుంచి, “ఆరు ఆరు ఆరు రెండుసార్లు లెక్కెట్టీసారు” అని వినిపించింది. 6-6-6 రెండు జాబితాల్లోనూ ఉంది. ఒకసారి తీసేయాలి. మొత్తం 11.

216లో 12, 216లో 11. ఇంతకంటే చిన్న రుజువు నాకు తెలియదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఏమిటంటే, జంటల సంఖ్య మాత్రం రెండు వైపులా పన్నెండే. 216 పర్యవసానాలన్నీ వరసగా రాసి 6-5లు ఎన్ని ఉన్నాయో, 6-6లు ఎన్ని ఉన్నాయో గీతలు గీస్తే చెరో పన్నెండు వస్తాయి. ఆరు-ఆరు తక్కువసార్లు వస్తుందన్నది అబద్ధం. అది గుంపుగా వస్తుంది. ఒక ఆరు-ఆరు పడిందంటే ఆ వెంటనే ఇంకో ఆరు-ఆరు పడడానికి ఒక్క ఆరు చాలు. ఆరు-అయిదు తర్వాత మాత్రం మళ్లీ మొదటి నుంచి ఎక్కాలి. వచ్చేవి సమానమై ఉండి, ఒక రకం గుంపులుగా వస్తే ఆ గుంపుల మధ్య ఖాళీలు ఎక్కువుంటాయి.

ఇక్కడ పిల్లలకి మా చీపురుపల్లి బస్సుల సంగతి చెప్పాను. రోజుకి పది బస్సులు తిరుగుతాయి అనుకుందాం. గంటకొకటి వస్తే స్టాపులో నిలబడ్డవాడి అదృష్టం ఒకలా ఉంటుంది. రెండేసి బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి వెళ్లిపోతే బస్సులు అన్నే అయినా నిలబడేది ఎక్కువ. “నిన్న సాయంత్రం అదే కదండి” అని ఒకడు బాధగా అన్నాడు. పాఠం ఎక్కిందని అర్థమైంది.

నాలుగు వేట్లకి లెక్క కొంతమంది ఇంటి దగ్గర చేసుకొచ్చారు. 1296లో 6-5 ఉన్నవి 107. మూడు స్థానాలకి 36 చొప్పున 108, అందులో 6-5-6-5 ఒక్కటే రెండుసార్లు లెక్కలోకి వస్తుంది, దాన్ని తీసేస్తే 107. అదే 6-6 ఉన్నవి 96. పదకొండు తేడా. వేట్లు పెరిగే కొద్దీ తేడా ఎలా విడిపోతుందో వాళ్ల చేతిరాతలోనే కనిపించింది.

తర్వాత వచ్చిన ప్రశ్నలు

ఒక కేసు తెరుచుకుంటే అక్కడితో ఆగదు. “తిప్పి రాస్తేనో? 5-6 అయితే?” అని ఒకడు అడిగాడు. సగటున 36 వేట్లే, 6-5కి లాగే. కానీ ఒకే పాచిక మీద 6-6తో పందెం కాస్తే ఈసారి సగం సగం కాదు. 5-6 నెగ్గే అవకాశం 7/12, 6-6కి 5/12. ఎందుకో ఆలోచించమన్నాను. 6-6 మొదలయ్యే ఆరుకి ముందు అయిదు పడి ఉంటే ఆట అక్కడే అయిపోయి ఉండేది కదా! 6-6ని వాకిట్లోనే ఆపేసే వీలు 5-6కి ఉంది, 6-5కి లేదు. నాణేలతో ఆడే ఇలాంటి పందేన్ని 1969లో వాల్టర్ పెన్నీ ప్రచురించాడు. జాన్ కాన్వే అనే గణితవేత్త ఎవరికి ఎంత అవకాశమో నిమిషంలో తేల్చే ఉపాయం కనిపెట్టాడు.

సగటు వేట్లకి కూడా అలాంటి ఉపాయమే ఉంది, పిల్లలకి బాగా నచ్చింది. వరసని రాసుకోండి. దాని తోక దాని తలతో ఎక్కడెక్కడ సరిపోతుందో చూడండి. ఒక్క అంకె సరిపోతే 6, రెండు సరిపోతే 36, మూడు సరిపోతే 216, ఇలా కూడుకుంటూ పోండి. వరస మొత్తం ఎప్పుడూ తనతో తాను సరిపోతుంది కాబట్టి ఆ సంఖ్య ఎలాగూ ఉంటుంది. 6-5-4కి తోకా తలా కలవవు, 216. 6-5-6కి చివరి ఆరు మొదటి ఆరుతో కలుస్తుంది, 222. లూడోలో మూడు ఆర్లు వరసగా పడితే చెల్లవంటారు కదా, ఆ 6-6-6కి 216, 36, 6 కలిపి 258. మా క్లాసులో ఒక వారం రోజులు ఎవరి పుట్టినరోజు అంకెలకి తోకా తలా కలుస్తాయో వెతుక్కోవడమే పని. ఏడూ ఎనిమిదీ తొమ్మిదీ సున్నా పాచిక మీద లేవని నేను అన్నా ఎవరూ వినలేదు.

ఇంకో ప్రశ్న నేనే వేసుకున్నాను. వేట్లని రెండేసి చొప్పున జతలుగా విడగొడితే? మొదటిదీ రెండోదీ ఒక జత, మూడోదీ నాలుగోదీ ఒక జత. అప్పుడు ఒక జత ఇంకో జతలోకి పాకదు, కాబట్టి 6-6కీ 6-5కీ తేడా పోతుంది, ఇద్దరికీ సగటున 36 జతలు. 1654లో పాస్కల్, ఫెర్మా ఉత్తరాలు రాసుకోవడానికి కారణమైన ప్రశ్నల్లో ఒకటి ఈ జాతిదే. రెండు పాచికలు కలిపి 24 సార్లు వేస్తే ఒక్కసారైనా జంట ఆర్లు పడతాయని పందెం కాయడం లాభమా అన్నది ప్రశ్న. 35/36ని 24 సార్లు గుణించి ఒకటిలోంచి తీసేస్తే 49.14 శాతం, కాబట్టి కొద్దిగా నష్టం. 25 సార్లయితే 50.55 శాతం. అక్కడ పాచికలు జతగానే పడతాయి కాబట్టి మా అక్కాతమ్ముళ్ల తగవు అందులో రాలేదు.

మార్కుల సంగతి

రెండో బెంచీ అమ్మాయికి రెండు మార్కులూ వేశాను. “రెండూ సమానం, 1/36” అని రాసినవాళ్ల మార్కులు కొయ్యలేదు. పాఠ్యపుస్తకం ఉద్దేశంలో వాళ్ల జవాబే ఉంది, నా ప్రశ్నే రెండు పడవల మీద కాలు పెట్టింది. తోటి మాస్టారు ఒకరు, “ఒక ప్రశ్నకి రెండు విరుద్ధమైన జవాబులకీ పూర్తి మార్కులేంటి?” అని అడిగారు. విరుద్ధం కావు, వేరువేరు ప్రశ్నలకి జవాబులు అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. రికార్డులో మాత్రం అలాగే రాశాను.

ప్రశ్నని ఇప్పుడు ఇలా మార్చాను. “ఒక పాచికను రెండుసార్లు వేశారు. మొదట 6, తర్వాత 6 రావడానికి సంభావ్యత ఎంత? మొదట 6, తర్వాత 5 రావడానికి ఎంత?” చప్పగా ఉంది, నిజమే. రెండో భాగంగా ఇంకోటి చేర్చాను. “ఒక పాచికను మూడుసార్లు వేశారు. పక్కపక్కన 6, 6 కనీసం ఒకసారైనా వచ్చే పర్యవసానాలెన్ని? 6, 5 వచ్చేవెన్ని? తేడా ఉంటే ఎందుకు?” ఇది చప్పగా లేదు. “ఏది కష్టం”, “ఏది తొందరగా వస్తుంది” లాంటి మాటలు ప్రశ్నలో పెట్టాలనుకుంటే, ఎన్నిసార్లు వేస్తున్నాం, ఎవరి పాచిక, ఎక్కడ ఆపుతున్నాం అన్నవి రాయకుండా పెట్టకూడదని నా ప్రశ్నల పుస్తకం అట్ట లోపల రాసుకున్నాను. జవాబుపత్రాలు దిద్దేటప్పుడు “ఎందుకంటే” అన్న మాట కనిపిస్తే దాని వెనక ఉన్న వాక్యం చదివాకే మార్కు వేయాలని దాని కిందే రాశాను. రెండోదాన్ని పాటించడం మొదటిదానికంటే కష్టంగా ఉంది. రాత్రి పదింటికి నలభయ్యో పేపరు దగ్గర చెయ్యి దానంతటదే సున్నా చుట్టబోతుంది.

పది రోజుల తర్వాత, మధ్యాహ్నం గంటలో స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర ఒక చిన్నవాడు నిలబడి ఉన్నాడు. ఏడో తరగతి. లోపలికి రమ్మంటే రాలేదు. ఎవరి తాలూకురా అంటే రెండో బెంచీ అమ్మాయి తమ్ముణ్నని చెప్పాడు.

“ఏటి కావాలి బాబూ?”

“మేస్టారూ, మీరు అక్కకి ఏటి సెప్పారండి? ఇప్పుడు ఆరు-అయిదు నాదేనంటాది. తాత కూడా అక్క వైపే. నన్ను ఆరు-ఆరు ఆడమంటన్నారు.”

ఒకే పాచికతో ఇద్దరూ ఆడుకోండి, అప్పుడు సమానం అవుతుంది అన్నాను. వాడు కాసేపు ఆలోచించాడు.

“అలగైతే ఎవురేస్తారండి? నా డైసే కదేటి తీస్తారు?” అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.